పీడనాన్ని చూపే రంగులో జిగురు పని

(విజయనగరంలో కెమిస్ట్రీ, మెకానికల్, సివిల్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం. మాది ఉద్దానం. పలాస నుంచి మందస వైపు వెళ్లే దారిలో చిన్న ఊరు. ఈ రోజు మాట్లాడాల్సింది గాలి పీడనాన్ని చూపే ఒక రంగు గురించి. కానీ నాకు ఆ రంగు మీద ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే ముందు మా ఊరి ఇళ్ల పైకప్పుల గురించి చెప్పాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. కొబ్బరి చెట్లు, జీడిమామిడి తోటలు ఏమైపోయాయో మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. నేను ఊరికి వెళ్లినప్పుడు నా కళ్లు మాత్రం రేకుల ఇళ్ల మీద నిలిచిపోయాయి. రేకులు ఇంటి లోపలికి కూలలేదు. పైకి లేచి, మేకులు పీక్కుని, రెండు వీధుల అవతల పడి ఉన్నాయి. గాలి పక్కనుంచి కొడుతుంటే కప్పు పైకెందుకు లేస్తుంది? కప్పు అంచు దాటి గాలి వేగంగా వంగి పోయేటప్పుడు అక్కడ పీడనం పడిపోతుంది. కింద, ఇంట్లో, పీడనం అలాగే ఉంటుంది. గాలి వచ్చే వైపు తలుపు ఊడిపోతే ఇంకా పెరుగుతుంది. ఆ తేడాయే కప్పును పీకేస్తుంది.

ఎంత తేడా? లెక్క వేద్దాం. గంటకు 150 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 42 మీటర్లు. గాలి సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే సుమారు 1050 పాస్కల్స్ వస్తుంది. చదరపు మీటరుకు నూరు కిలోల పైచిలుకు బరువు అన్నమాట. పది అడుగుల రేకు మీద మూడు వందల కిలోల పైన. అంచుల్లో, మూలల్లో అయితే ఇంతకు రెండింతలు కూడా కావచ్చు. ఇప్పుడు దీన్ని వాతావరణ పీడనంతో పోల్చండి. అది 1,01,325 పాస్కల్స్. అంటే మా ఊళ్లో ఇన్ని ఇళ్లు విప్పేసిన ఆ తేడా, వాతావరణ పీడనంలో ఒక్క శాతం. ఈ ఒక్క శాతాన్ని గుర్తుపెట్టుకోండి. దీని దగ్గరికి మళ్లీ రావాలి.

పీడనాన్ని కొలవడానికి ఎప్పటినుంచో ఉన్న పద్ధతి ఒకటుంది. విమానం రెక్క నమూనా అయినా, ఇంటి నమూనా అయినా, దానికి సన్నని రంధ్రాలు పెడతారు. ఒక్కో రంధ్రం నుంచి లోపలగా ఒక్కో గొట్టం తీసి సెన్సర్‌కి కలుపుతారు. నూరు చోట్ల పీడనం కావాలంటే నూరు రంధ్రాలు, నూరు గొట్టాలు. ఖర్చు సంగతి అటుంచండి, రెక్క వెనక అంచు కత్తిలా పలచగా ఉంటుంది, అక్కడ గొట్టం పట్టనే పట్టదు. పైగా ఒక రంధ్రానికీ ఇంకో రంధ్రానికీ మధ్య ఏం జరిగిందో మనం ఊహించుకోవాల్సిందే. అసలైన సంగతి ఆ మధ్యలోనే జరిగితే?

అందుకే ఈ రంగు వచ్చింది. నమూనా అంతటా పూస్తే ప్రతి చుక్కా ఒక సెన్సర్ అవుతుంది. ఊదారంగు లైటు వేసి కెమెరాతో ఫొటో తీస్తే చాలు. వెలుగు తక్కువ ఉన్నచోట పీడనం ఎక్కువ, వెలుగు ఎక్కువ ఉన్నచోట పీడనం తక్కువ.

మాస్టారూ, కాస్త లైట్లు ఆపిస్తారా? కిటికీ తెరలు కూడా వేసెయ్యండి. థాంక్స్ అమ్మా.

నా చేతిలో ఉన్నది దుకాణాల్లో దొంగనోట్లు చూసే లాంటి లైటు. ఈ రెండు అల్యూమినియం పలకల మీదా ఒకే డై ఉంది, అంటే కాంతి పడితే తిరిగి వెలిగే పదార్థం. ప్లాటినం మధ్యలో పెట్టుకున్న పోర్ఫిరిన్. మన రక్తంలో ఇనుమును పట్టుకుని ఉండే అణువుకి దూరపు చుట్టమే. డై ఒకటే, మోతాదు ఒకటే, మందం కూడా దాదాపు ఒకటే. కుడిచేతి పలకలో దాన్ని పాలిస్టైరీన్‌లో కలిపాను, అంటే టీవీ డబ్బాల్లో వచ్చే తెల్ల థర్మోకోల్ దేనితో చేస్తారో ఆ పాలిమర్. పాలిమర్ అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న పదార్థం. ఎడమచేతి పలకలో సిలికోన్ రబ్బరులో కలిపాను. చూడండి. పాలిస్టైరీన్ పలక ఎర్రగా నిప్పుకణికలా వెలుగుతోంది. సిలికోన్ పలక కళ్లు చికిలించి చూస్తే గాని కనపడటం లేదు. అవునా?

ఇప్పుడు ఈ గొట్టంలోంచి రెండింటి మీదా నైట్రోజన్ వదులుతున్నాను. సిలికోన్ పలక చూడండి! గొట్టం తిప్పినచోటల్లా ఎర్రటి గీత పడుతోంది, తీయగానే ఆరిపోతోంది. పాలిస్టైరీన్ పలక కూడా ప్రకాశం పెంచుకుంటోంది గాని నెమ్మదిగా, బద్ధకంగా. నైట్రోజన్ ఆపేశాక కూడా కాసేపు ఆ వెలుగు అలాగే ఉండి, అప్పుడు తగ్గుతోంది.

లైట్లు వేసెయ్యండి. ఈ రెండు పలకల మధ్య ఉన్న తేడాయే నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా. డై ఒకటే అయినప్పుడు ఒకటి వెలుగుతూ ఇంకొకటి ఎందుకు ఆరింది? ఒకటి చురుగ్గా, ఇంకొకటి మందంగా ఎందుకు ఉంది? తేడా అంతా డైని పట్టి ఉంచిన జిగురుది. దాన్నే బైండర్ అంటాం.

ఇంకో సంగతి గమనించారా? నేను నైట్రోజన్ వదిలినప్పుడు పలక మీద పీడనం మారలేదు. గదిలో ఉన్న పీడనమే. మారింది ఆక్సిజన్. ఈ రంగుకి పీడనం అంటే ఏంటో తెలీదు. దానికి తెలిసింది ఆక్సిజన్ ఒక్కటే. గాలిలో ఆక్సిజన్ వాటా సుమారు 21 శాతంగా స్థిరంగా ఉంటుంది కాబట్టి, పీడనం పెరిగితే ఆక్సిజన్ పెరుగుతుంది, ఆ లెక్కన మనం పీడనాన్ని రాబట్టుకుంటున్నాం.

డై అణువు కాంతిని మింగి పై స్థాయికి ఎక్కుతుంది. ఎవరూ అడ్డుపడకపోతే కొన్ని పదుల మైక్రోసెకన్ల తరవాత ఎర్రటి కాంతిని వదిలి కిందికి దిగుతుంది. ఈ లోపు ఒక ఆక్సిజన్ అణువు వచ్చి తగిలితే ఆ శక్తిని అదే పట్టుకుపోతుంది, డై వెలగకుండానే దిగిపోతుంది. ఎంత ఆక్సిజన్ ఉంటే వెలుగు అంతగా ఎలా తగ్గుతుందో చెప్పే సూత్రాన్ని స్టెర్న్, వోల్మర్ అనే ఇద్దరు 1919లోనే రాశారు. 1930లలో కౌట్‌స్కీ సిలికా జెల్ మీద అద్దిన డైల వెలుగును కాస్తంత ఆక్సిజన్ కూడా ఆర్పేస్తుందని చూపించాడు. దీన్ని గాలి ప్రవాహాన్ని చూడ్డానికి వాడొచ్చని 1980లో పీటర్సన్, ఫిట్జ్‌జెరాల్డ్ చూపారు. ఆ దశాబ్దంలోనే ఒకవైపు మాస్కో దగ్గర త్సాగి అనే విమాన పరిశోధన సంస్థలో, ఇంకోవైపు సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో గౌటర్‌మన్, కాలిస్ బృందం, ఎవరి దారిన వాళ్లు విండ్ టన్నెల్‌కి, అంటే నమూనా మీదికి గాలి వదిలి పరీక్షించే సొరంగానికి, పనికొచ్చే రంగులు తయారుచేశారు. గౌటర్‌మన్ జీవితమంతా పోర్ఫిరిన్‌ల మీద పనిచేసిన మనిషి.

చరిత్ర అంతవరకు చాలు. జిగురు దగ్గరికి వద్దాం.

మన అమ్మమ్మల కాలంలో గోడకి సున్నం వేసేటప్పుడు తుమ్మ జిగురు కలిపేవారు, ఎందుకు? వట్టి సున్నం వేస్తే గోడకి ఆనుకున్నవాడి వీపంతా తెల్లబడుతుంది. పొడిని గోడకి పట్టి ఉంచడమే అక్కడ జిగురు పని. మన రంగులోనూ ఆ పని ఉంది. సెకనుకు మూడు నాలుగు వందల మీటర్ల గాలి రాసుకుంటూ పోతుంటే డై ఊడిపోకూడదు కదా. కానీ ఇక్కడ జిగురుకి ఇంకో పని కూడా ఉంది, అదే పెద్దది. డై అణువులు ఆ జిగురు లోపల పాతుకుని ఉన్నాయి. బయటి గాలిలోని ఆక్సిజన్ వాటిని చేరాలంటే ఆ జిగురును దాటుకునే రావాలి. అంటే గోడకి అంటించే జిగురే ఇక్కడ గుమ్మం కూడా. గుమ్మం ఎంత తెరిచి ఉంది, ఎంత త్వరగా దాటనిస్తుంది, ఎండకు ఎలా ఉంటుంది, పాతబడితే ఏమవుతుంది, ఇవన్నీ నేరుగా మన కొలతలోకి వచ్చేస్తాయి.

ఒక పాలిమర్ ఆక్సిజన్‌ని ఎంతగా దాటనిస్తుందన్నది రెండు గుణాల లబ్ధం. ఒకటి, ఆక్సిజన్ దానిలో ఎంత కరుగుతుంది. రెండు, కరిగినది ఎంత సులువుగా కదులుతుంది. సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల దగ్గర నిలబడి చూడండి. ఆ కూడలిలో ఎంతమంది పట్టారన్నది ఒక లెక్క. పట్టినవాళ్లలో ఒకడు ఇటునుంచి అటు ఎంత వేగంగా వెళ్లగలడన్నది వేరే లెక్క. రెండూ గుణిస్తే అటు ఎంతమంది చేరారో వస్తుంది.

దాటనిచ్చే గుణాన్ని బారర్ అనే కొలతలో చెబుతారు. పాలిస్టైరీన్‌కి ఇది రెండు మూడు బారర్లు. సిలికోన్ రబ్బరుకి సుమారు 600. రెండు వందల రెట్లు! ఎందుకింత? సిలికోన్ గొలుసు సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకటి విడిచి ఒకటిగా కట్టిన దారం. చాలా మెత్తగా మెలితిరుగుతుంది. సున్నాకి 120 డిగ్రీలు కిందకి దిగితే గాని అది గాజులా బిగుసుకోదు. మన గది వేడిలో దాని గొలుసులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి, ఆ కదలికల్లో ఆక్సిజన్‌కి దారి దొరుకుతుంది. పాలిస్టైరీన్ సుమారు 100 డిగ్రీల వరకు గాజులా బిగుసుకునే ఉంటుంది. దారి దొరకడం కష్టం.

మరి బిగుసుకున్నవన్నీ దాటనివ్వవా అంటే, ఒక వింత పాలిమర్ ఉంది. పాలీ ట్రైమిథైల్‌సిలైల్ ప్రొపైన్. 1983లో జపాన్‌లో మసుదా, హిగషిమురా బృందం దీన్ని ప్రకటించింది. ఇది గట్టిగా గాజులా ఉంటుంది, అయినా సిలికోన్‌ని మించి, కొన్ని వేల బారర్లు దాటనిస్తుంది. చీపురు పుల్లలు కట్ట కడితే దగ్గరగా ఒదుగుతాయి. తుమ్మకంప మోపు కట్టి చూడండి, ఎంత బిగించినా లోపల ఖాళీలే. దీని గొలుసు వంగదు, పక్కలకి బలిసిన గుంపులు ముళ్లలా ఉంటాయి, అందుకని ఒకదానిలో ఒకటి ఒదగవు. ఆ ఖాళీలగుండా ఆక్సిజన్ నడిచిపోతుంది. వంద కెల్విన్ల చలిలో, అంటే సున్నాకి 170 డిగ్రీలకు పైగా కిందన, మామూలు పాలిమర్లన్నీ తలుపు మూసేసుకునే చోట కూడా ఇది పనిచేస్తుంది. గాలిని అంతగా చల్లబరిచి నడిపే క్రయోజెనిక్ టన్నెళ్లకి పనికొచ్చిన కొద్ది బైండర్లలో ఇదొకటి. అయితే దీనికి ముసలితనం త్వరగా వస్తుంది. ఖాళీలు నెలల్లో కుంగిపోతాయి. పంపుల్లోంచి వచ్చే నూనె ఆవిరి తగిలితే ఆ ఖాళీలు నిండిపోతాయి.

వెనక వరుసలో అమ్మాయి ఏదో అడుగుతోంది... అవును, మంచి ప్రశ్న. "ఎక్కువ దాటనిస్తే మంచిదే కదా, అందరూ అదే ఎందుకు వాడరు?" అని.

ఇందాక సిలికోన్ పలక మామూలు గాలిలో ఎలా ఉంది అమ్మా? దాదాపు ఆరిపోయి ఉంది. ఆక్సిజన్ మరీ ఎక్కువగా వస్తే వెలుగంతా అక్కడే ఆరిపోతుంది. ఇక కెమెరాకి చూడ్డానికి ఏం మిగిలింది? వెలుగు ఎంతసేపు బతుకుతుందన్నది డై సొంత గుణం. ప్లాటినం పోర్ఫిరిన్‌కి ఆక్సిజన్ లేనప్పుడు ఇది పదుల మైక్రోసెకన్లు. అంతసేపు ఎదురుచూస్తుంది కాబట్టి దానికి కాస్త ఇరుకు గుమ్మం చాలు. రుథేనియం డై ఒకటుంది, దాని వెలుగు ఐదారు మైక్రోసెకన్లే. దానికి సిలికోన్ లాంటి వెడల్పు గుమ్మం సరిపోతుంది. డైకి తగ్గ జిగురు, జిగురుకి తగ్గ డై. పెళ్లి సంబంధంలా ఇద్దర్నీ కలిపి చూడాలి. ఒక పరిశోధన పత్రంలో ఫలానా డై గొప్పదని చదివితే, అది ఏ పాలిమర్‌లో అన్నది చూడకుండా ఆ పేజీ మూయకండి.

ఆ రుథేనియం డైకీ సిలికోన్‌కీ ఇంకో పేచీ ఉంది. డై ఒక లవణం, సిలికోన్ నూనె స్వభావం ఉన్నది. లవణం నూనెలో కరగదు. ఉప్మా రవ్వ ఒక్కసారిగా పోస్తే ఉండలు కట్టినట్టు డై ఉండలు కడుతుంది. ఉండ మధ్యలో ఉన్న అణువుకి ఆక్సిజన్ ఒకలా చేరుతుంది, బయట ఉన్నదానికి ఇంకోలా. పీడనానికీ వెలుగుకీ మధ్య రావాల్సిన తిన్నటి గీత వంపు తిరుగుతుంది. లవణంలోని చిన్న రుణ అయాన్‌ని తీసేసి పొడుగాటి నూనె తోక ఉన్న అయాన్ తగిలిస్తే కొంత సర్దుకుంటుంది. ఫ్లోరిన్ ఉన్న పోర్ఫిరిన్‌ని ఫ్లోరిన్ ఉన్న పాలిమర్‌లో కలిపితే ఈ గొడవ చాలా తగ్గుతుంది.

ఇక వేగం. ఇది మరో లెక్క, దీనికి కరిగే గుణంతో పనిలేదు, కదిలే గుణం ఒక్కటే చూసుకోవాలి. బయట పీడనం మారిందన్న కబురు పూత అడుగుకి చేరడానికి ఎంతసేపు పడుతుంది? మందం వర్గాన్ని వ్యాపన గుణకంతో, అంటే ఆ కదిలే గుణంతో, భాగిస్తే వచ్చేంత. మందం వర్గం! ఇది మీ ఇంట్లో రోజూ జరిగేదే. దోసె నిమిషంలో కాలుతుంది. దిబ్బరొట్టె దోసెకి పదింతల మందం ఉంటే పది నిమిషాల్లో కాలదు. మూత పెట్టి, సెగ తగ్గించి, అమ్మ ఎంతసేపు కూర్చుంటుందో మీకు తెలుసు. వేడి లోపలికి ఇంకడానికీ ఆక్సిజన్ పాలిమర్‌లోకి ఇంకడానికీ లెక్క ఒకటే.

20 మైక్రాన్ల పూత తీసుకోండి, తల వెంట్రుకలో మూడో వంతు మందం కూడా ఉండదు. సిలికోన్ అయితే సెకనులో పదో వంతు దగ్గర తేలిపోతుంది. అదే మందం పాలిస్టైరీన్ అయితే పది సెకన్ల పైమాటే. విమానం రెక్క మీద నిలకడగా ఉన్న పీడనానికి సిలికోన్ వేగం చాలు. హెలికాప్టర్ రెక్కకీ, తుపాను గాలిలో కప్పు మూలన సెకనుకి ఎన్నోసార్లు పుట్టి చచ్చే సుడులకీ అది చాలదు.

సరే పూత పలచన చేద్దామంటే? ఐదు మైక్రాన్లకి దించితే వేగం పదహారు రెట్లు పెరుగుతుంది. కానీ డై నాలుగో వంతుకి తగ్గింది, వెలుగూ తగ్గింది. ఫొటోలో అర్థంలేని చుక్కల రొద తప్ప ఏమీ రాదు. ఇక్కడ కొందరు తెలివైనవాళ్లు ఆలోచన మార్చారు. జిగురును గట్టి పొరలా కాకుండా, టైటానియం డయాక్సైడ్ లేదా సిలికా రేణువుల గుట్టలా వేశారు. రేణువులు ఒకదానికొకటి అంటుకోవడానికి సరిపడా మాత్రమే పాలిమర్. బియ్యపు నూకలో నీళ్లు పోస్తే మధ్య సందుల్లోంచి ఎలా దిగిపోతాయో అలా గాలే నేరుగా లోపలికి దిగుతుంది. వేగం సెకనుకి వేల మార్పుల వరకు వెళ్లింది. ఇందులో పాలిమర్ పాలు తేల్చడం చాలా సున్నితమైన పని. కొంచెం ఎక్కువైతే సందులు పూడుకుని మళ్లీ నెమ్మదిస్తుంది. కొంచెం తక్కువైతే వేలితో రాస్తే ఊడొస్తుంది, ఉపరితలం గరుకెక్కి గాలి ప్రవాహాన్నే మార్చేస్తుంది. కొలవబోయిన వస్తువు కొలత వల్లే మారిపోతే ఇక ఆ కొలతతో ఏం చేస్తాం?

అసలు పాలిమర్ లేకుండా చేసే దారి కూడా ఉంది. అల్యూమినియంని ఆసిడ్‌లో కరెంటు పెట్టి ఆనోడైజ్ చేస్తే పైన పదుల నానోమీటర్ల వెడల్పున్న బావులు నిలువుగా ఏర్పడతాయి. వాటి గోడలకి డై అద్దుతారు. ఇది పదుల మైక్రోసెకన్లలో స్పందిస్తుంది. కానీ నమూనా అల్యూమినియంతోనే చెయ్యాలి, తేమకీ నూనెకీ భయపడాలి. జిగురు తీసేస్తే దాని కష్టాలతో పాటు అది ఇచ్చే కాపలా కూడా పోతుంది.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయానికి వస్తాను. ఉష్ణోగ్రత.

పాలిమర్ వేడెక్కితే గొలుసులు ఎక్కువ కదులుతాయి, ఆక్సిజన్ త్వరగా చేరుతుంది, వెలుగు తగ్గుతుంది. డైకి సొంతంగా కూడా వేడికి కొంత వెలుగు తగ్గే గుణం ఉంది. రెండూ కలిసి చాలా రంగుల్లో ఒక్క డిగ్రీకి వెలుగు సుమారు ఒక శాతం మారుతుంది. మొదట్లో గుర్తుపెట్టుకోమన్న ఒక్క శాతం ఇక్కడ తీయండి. తుపాను గాలి కప్పు మీద చూపే తేడా వాతావరణ పీడనంలో ఒక శాతం. అది రంగు వెలుగులో ఇంచుమించు అంతే, కొంచెం తక్కువే మార్పు తెస్తుంది. అంటే నమూనా మీద ఒక్క డిగ్రీ తేడా వచ్చిందంటే మనం వెతుకుతున్న సంకేతం మొత్తాన్నీ అది మింగేస్తుంది. ధ్వనివేగానికి దగ్గరగా ఎగిరే విమానానికి పీడనం పదుల శాతాల్లో మారుతుంది, అక్కడ ఒక డిగ్రీ తప్పుని భరించొచ్చు. మా ఊరి రేకు ఇంటికి భరించలేం. విమానం కంటే రేకుల ఇల్లు కొలవడం కష్టం!

కొన్నేళ్ల కిందట ఒక చోట, తక్కువ వేగం టన్నెల్‌లో, రెండువైపులా వాలు ఉన్న ఇంటి నమూనాకి సిలికోన్ రంగు వేసి పరీక్ష పెట్టాం. నమూనా చెక్కది. ఫొటోల్లో కప్పు నడుమ రెండు మచ్చలు బాగా వెలుగుతూ కనిపించాయి. వెలుగు ఎక్కువంటే పీడనం తక్కువ, అంటే అక్కడ గాలి కప్పును గట్టిగా పైకి పీలుస్తోందని రాసుకున్నాం. నాకు ఎంత ఆనందమో. ఆ రెండు చోట్లా అదనంగా మేకులు కొట్టించమని మా ఊరివాళ్లకి చెప్పాలనుకున్నాను. పక్కవారం నమూనా తిరగేసి చూస్తే ఆ రెండు మచ్చల కిందా చెక్కలో ఇనుప బిగింపులు ఉన్నాయి. టన్నెల్ మోటారు నడిచేకొద్దీ గాలి వేడెక్కింది. చెక్క పైభాగం గాలితో పాటే వేడెక్కింది. ఇనుము ఉన్నచోట ఉదయపు చల్లదనం ఇంకా మిగిలి ఉంది. చల్లగా ఉన్నచోట రంగు ఎక్కువ వెలిగింది, అంతే. అక్కడ గాలి పీల్చడం ఏమీ లేదు. ఆ తప్పు లెక్కతో ఎవరైనా మేకులు రెండు చోట్లే కొట్టుకుని, అసలు ఊడే మూలల్ని వదిలేసి ఉంటే? ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తరవాత బైండర్ ఉష్ణోగ్రతకి ఎలా మారుతుందో చూడకుండా ఒక్క ఫొటో కూడా తీయలేదు.

ఈ కష్టాన్ని చాలావరకు తగ్గించింది వాషింగ్టన్ విశ్వవిద్యాలయం బృందం తయారుచేసిన ఒక పాలిమర్. 2000 ప్రాంతంలో దాని మీద పత్రం వచ్చింది. రెండు ఫ్లోరిన్ మెథాక్రిలేట్లు కలిపి కట్టిన గొలుసు, ఎఫ్.ఐ.బి. అని పిలుస్తారు. దీనిలో ఆక్సిజన్ కదలిక వేడికి తక్కువగా మారుతుంది. ప్లాటినం పోర్ఫిరిన్‌తో కలిపితే డిగ్రీకి సుమారు 0.6 శాతమే మార్పు. ఇంకా విలువైన గుణం ఒకటుంది. వేర్వేరు ఉష్ణోగ్రతల్లో తీసిన పీడనం గీతలన్నిటినీ, దేన్ని దాని సొంత ఉష్ణోగ్రతలో ఒక నిర్ణీత పీడనం దగ్గర వచ్చే వెలుగుతో భాగిస్తే, అన్నీ వచ్చి ఒకే గీత మీద కూర్చుంటాయి. దీన్నే ఈ రంగంలోవాళ్లు ఆదర్శ పూత అంటారు. అంటే ఉష్ణోగ్రతని విడిగా కొలుచుకోగలిగితే దిద్దుబాటు తేలిక.

ఫ్లోరిన్ వల్ల ఇంకో లాభం ఉంది. డై నుంచి శక్తి పట్టుకుపోయిన ఆక్సిజన్ ఊరుకోదు. కాసేపు అది ఉద్రేకంతో ఉన్న ఆక్సిజన్, దొరికినదాన్నల్లా కొరుకుతుంది. ముందు డైని, తరవాత జిగురుని. అందుకే లైటు కింద ఎక్కువసేపు ఉంచిన రంగు వెలిసిపోతుంది. కార్బన్, ఫ్లోరిన్ బంధం బలమైనది, దాన్ని కొరకడం కష్టం. ఒక పరీక్ష పొద్దున్నించి సాయంత్రం దాకా సాగాలంటే ఈ గుణం చాలా అవసరం.

ఉష్ణోగ్రతని విడిగా కొలవాలన్నాను కదా. దానికీ రంగే వాడొచ్చు. ఆక్సిజన్‌కి లొంగని, వేడికి మాత్రమే మారే రంగు. ఆ రంగులో బైండర్ పని పూర్తిగా తలకిందులు. ఇక్కడ గుమ్మం తెరిచి ఉండాలి, అక్కడ గడియ వేసి ఉండాలి. పాలీయురేథేన్ లాంటి, ఆక్సిజన్‌ని రానివ్వని పాలిమర్లు కావాలి. నమూనా సగానికి ఒక రంగు, సగానికి ఇంకొకటి వేసి, గాలి రెండు పక్కలా ఒకేలా ఉంటుందన్న నమ్మకంతో సరిచూస్తారు. రెండు డైలను ఒకే పూతలో కలిపేవాళ్లూ ఉన్నారు, కానీ అప్పుడు ఒకటే జిగురు రెండు విరుద్ధమైన పనులు చెయ్యాలి. అందుకని వేడి చెప్పే డైని ముందు బిగువైన పాలిమర్ గుళికల్లో బంధించి, ఆ గుళికల్ని తెరుచుకునే పాలిమర్‌లో కలుపుతారు.

ప్రశ్నలు అడగండి. ఆ బాబు... ఎక్కడ నాన్నా మీది? పలాసా! మన ఊరే. "జీడిపిక్కల తొక్క నూనెతో రెసిన్ చేస్తారు కదా, దాన్ని దీనికి బైండర్‌గా వాడకూడదా?"

ఈ ప్రశ్న కోసమే ఇంతదూరం వచ్చినట్టుంది. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు బట్టీల దగ్గర తొక్కలు గుట్టలుగా ఉంటాయి. ఆ తొక్క నూనెలోంచి వచ్చే కార్డనాల్‌తో ఫినాలిక్ రెసిన్లు చేస్తారు, బ్రేకు లైనింగుల్లో, రంగుల్లో వాడతారు. పీడనం రంగుకి ఇది సరిపోదు. ఒకటి, ముదురు గోధుమ రంగు. మనం వేసే ఊదారంగు కాంతిని డై కంటే ముందు అదే తినేస్తుంది. రెండు, గొలుసులు అడ్డంగా నిలువుగా ముడిపడి బిగుసుకుంటాయి, ఆక్సిజన్‌కి దారి ఇవ్వవు. ఆగు, నిరుత్సాహపడకు. దారి ఇవ్వకపోవడమే కావాల్సిన చోటు ఇప్పుడే చెప్పాను కదా. ఉష్ణోగ్రత రంగులో గడియ వేసిన గుమ్మం కావాలి. గోధుమ రంగు గొడవ తప్పించుకోవాలంటే పూత చాలా పలచగా ఉండాలి, లేదా ఊదా బదులు ఆకుపచ్చ కాంతికి స్పందించే డై చూసుకోవాలి. ఇందాక మీరు చూసిన పరీక్షే దీనికీ చాలు. రెసిన్‌లో డై కలిపి పలక మీద పూసి, లైటు వేసి, నైట్రోజన్ వదలాలి. వెలుగు ఏమీ మారకపోతే అది గడియ వేసినట్టే.

లైటు, డై, చిన్న నైట్రోజన్ సిలిండరు మీ కెమిస్ట్రీ ల్యాబులో వదిలి వెళ్తున్నాను, మాస్టారితో మాట్లాడాను. నువ్వు సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు బట్టీ దగ్గర అరలీటరు తొక్క నూనె అడిగి తీసుకురా. గాజు సీసాలో తీసుకురా, చేతికి తగలనివ్వకు, పొక్కుతుంది.